ఆరో గీత

నేల లోపల ఏముందో పైనుంచే చెప్పేస్తారని ఆయనకు పేరు. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. ఖాళీ జాగాలో తాడు పట్టి తిన్నగా గీత వేయించడం, ఆ గీత పొడవునా ఇనుప మేకులు దిగ్గొట్టించడం, వాటి గుండా నేలలోకి కరెంటు పంపి, ఎక్కడ అది సులువుగా పారుతోందో ఎక్కడ మొరాయిస్తోందో చూసి లోపలి బొమ్మ గీయడం. గీత పక్కన గీత వేసుకుంటూ పోతారు కాబట్టి కేబుళ్ళు మోసేవాళ్ళు గీతల మాస్టారని పేరు పెట్టారు. పోనుపోను డైరెక్టరుతో సహా ఆఫీసులో అందరికీ ఆయన మాస్టారే అయిపోయారు. ఆ పిలుపంటే ఆయనకు లోలోపల ఎంత మురిపెమో ఒక్క అక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంటి మేడమీద గదిలో ఉంటూ రెండు పూటలా కిందికి దిగి భోంచేసేవారు. అక్క కూతుర్ని ఎత్తుకుని తిప్పిందీ, లెక్కలు నేర్పిందీ ఆయనే. గడియసేపు ఒకచోట నిలవదని దానికి పిట్ట అని ముద్దుపేరు పెట్టిందీ ఆయనే. ఆ పిట్టకు ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. మావయ్య చదివిన చదువే చదివి, మావయ్య ఆఫీసులోనే చేరింది. చేరిన రెండేళ్ళకు డైరెక్టరు వెంటపడి మరీ ఒక గ్రావిటీ మీటరు కొనిపించింది.

అది నీళ్ళ బిందెంత పెట్టె. మూడు కాళ్ళ మీద నిలబెట్టి, కదలకుండా చూస్తే, భూమి ఆ చోట వస్తువులను ఎంత బలంగా లాగుతోందో వెంట్రుకవాసి తేడాతో చెబుతుంది. అడుగున డొల్ల ఉంటే అక్కడ రాయి తక్కువ, బరువు తక్కువ, లాగడమూ తక్కువ. మాస్టారికి ఆ పెట్టె మొదటి రోజు నుంచీ కంట్లో నలుసుగానే ఉంది. ఎందుకని ఆయన తనను తాను ఎప్పుడూ అడుక్కోలేదు.

ఆ ఏడు వానల ముందు బస్సు డిపో సర్వే వచ్చింది. డిపోలో కొత్త వర్క్‌షాపు కట్టాలి. ఊరికి ఆ వైపంతా అడుగున సున్నపురాయే. సున్నపురాయి నీళ్ళకు కొద్దికొద్దిగా కరిగి, లోపల బొరియలు పడి, బొరియలు గదులై కూర్చుంటాయి. పైన నాలుగైదు మీటర్ల బంకమట్టి కప్పి ఉండడంతో ఎవరికీ ఏమీ తెలియదు. ఏదో ఒకరోజు ఆ మట్టి కాస్తా లోపలికి జారిపోతుంది. అంతవరకూ నేల నేలలాగే ఉంటుంది.

పనికి పథకం వేసింది పిట్ట. ఒక్క పరికరాన్ని నమ్ముకుంటే కుదరదని దాని వాదన. తోపుడుబండిలా తోసుకెళ్ళే రాడార్ పైపై సంగతులు చక్కగా చూపిస్తుంది గానీ బంకమట్టి తగిలిందంటే దానికి కళ్ళు కనపడవు. కరెంటు లోతుకు పోతుంది గానీ, తడిమట్టి ఏదో, బురద నిండిన డొల్ల ఏదో దానికి ఒక్కలాగే ఉంటాయి. గ్రావిటీ మీటరు బరువు తగ్గిందని చెబుతుంది, ఎంత లోతున తగ్గిందో చెప్పలేదు. మూడింటినీ ఒకే చోట నడిపి, మూడు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే నిజం బయటపడుతుంది. మాస్టారు కాదనలేదు. "అలాగే కానీ" అన్నారు, చిన్నపిల్ల బొమ్మరిల్లు కడతానంటే అన్నట్టు.

ఐదు మీటర్ల ఎడంతో మొత్తం తొమ్మిది గీతలు. నాలుగు రోజుల్లో ఐదు పూర్తయ్యాయి. ఆరో గీత బస్సులు కడిగే చోటు మీదుగా పోవాలి. అక్కడ నెల కిందటే కొత్త కాంక్రీటు పోశారు. కాంక్రీటులో మేకు దిగదు. రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున మిషనుతో బెజ్జాలు వేసి, వాటిలో తడిమట్టి కూరి, అప్పుడు మేకులు గుచ్చాలి. డిపో మేనేజరు అడ్డం పడ్డాడు.

"మాస్టారూ, పైవాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. కొత్త కాంక్రీటుకి తూట్లు పెడితే నా తల తీసి పక్కన పెడతారు. ఐదో గీత ఇటుంది, ఏడోది అటు వేస్తారు. మధ్యలో ఏముంటుందో మీకు తెలీదా? మీరు కంటితో చూస్తే చాలు."

కంటితో చూస్తే చాలన్న మాట ఆయనకు లోపల ఎక్కడో తీయగా తగిలింది. పైగా ఎండ మాడ్చేస్తోంది, మోకాళ్ళు గుంజుతున్నాయి. "సరే, వదిలేద్దాం. ఏడోది పట్టండి" అన్నారు కూలీలతో.

పిట్ట మాత్రం వదల్లేదు. దాని పెట్టెకు మేకులూ బెజ్జాలూ అక్కర్లేదు. కాంక్రీటు మీదే పెట్టుకుని, ఐదేసి మీటర్లకు ఒకసారి ఆగి, ఊపిరి బిగబట్టి రీడింగులు తీసుకుంటూ పోయింది. కాంక్రీటు చివర, కడిగిన నీళ్ళు పారే వైపు, ఒక రేకుల షెడ్డు ఉంది. బస్సులు కడిగే ఆడవాళ్ళు పదకొండు మంది మధ్యాహ్నం అక్కడే క్యారేజీలు విప్పుకుని భోంచేసి కాసేపు నడుం వాలుస్తారు. వాళ్ళలో పెద్దావిడను అందరూ పెద్దక్క అంటారు. పిట్ట రీడింగు తీసిన ప్రతిసారీ "అమ్మాయ్, నీ పెట్టె ఏమంటోంది?" అని ఆవిడ నవ్వుతూ అడిగేది.

పన్నెండున్నరకు పిట్ట నోటుబుక్కు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది. పక్కన మేనేజరు ఉన్నాడు. షెడ్డులో ఆడవాళ్ళు అప్పుడే భోజనాలకు కూర్చున్నారు.

"మావయ్యా, షెడ్డు వైపు వెళ్ళేకొద్దీ రీడింగు పడిపోతోంది. నమ్మకం కుదరక మూడుసార్లు తీశాను. మూడుసార్లూ అదే. ఆరో గీత వేయాల్సిందే."

మేనేజరు ముఖం చిట్లించాడు. మాస్టారు అది చూశారు. చూసి, నలుగురికీ వినపడేలా గొంతు పెంచి అన్నారు: "మా పిట్టకి కాళ్ళ కింద నేల కంటే ఆ పెట్టె మీద నమ్మకం ఎక్కువండీ. పక్కన బస్సు ఇంజను దడదడలాడుతోంది కదా, పెట్టె హడలిపోయి ఓ రెండు తులాలు చిక్కిపోయుంటుంది. పోయి దానికి కాసిన్ని మంచినీళ్ళు పట్టవే!"

మేనేజరు పడీపడీ నవ్వాడు. కేబుళ్ళు చుట్టేవాళ్ళు నవ్వారు. షెడ్డులోంచి ఆడవాళ్ళూ గొల్లున నవ్వారు. పిట్ట నవ్వలేదు, ఏడవలేదు. నోటుబుక్కు మూసి, పెన్నుకు టోపీ పెట్టి, పెట్టెను దాని డబ్బాలో సర్దుకుంది. మెడ మాత్రం చెవుల దాకా ఎర్రబడింది. చిన్నప్పుడు లెక్క తప్పు చేసినా దాన్ని నలుగురిలో ఒక్క మాట అనని మనిషి ఆయన.

రిపోర్టు రాసేటప్పుడు ఆయన కంప్యూటరుకు ఐదో గీతనూ ఏడో గీతనూ ఇచ్చి, మధ్యలో ఉన్న జాగాను అదే నింపుకునేలా చేశారు. పద్నాలుగో పేజీలో మ్యాపు అందంగా వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆకుపచ్చ. పచ్చ అంటే భయం లేదని. ఆ పచ్చలో ఒక పట్టీ మొత్తం కొలవకుండా వేసిన రంగేనని ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. గ్రావిటీ రీడింగులను, చుట్టుపక్కల కదలికల వల్ల నమ్మదగినవి కావని ఒక వాక్యం రాసి, వెనక అనుబంధంలో పడేశారు.

పిట్ట ఒక్కసారే అడిగింది. ఆయన బల్ల ముందు నిలబడి, "అనుబంధంలో కాదు మావయ్యా, మ్యాపు మీదే ఉండాలి" అంది.

"నా సంతకం కింద అది రాదు" అన్నారాయన తలెత్తకుండా.

ఆ తర్వాత అది మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

రిపోర్టు పంపిన సరిగ్గా పంతొమ్మిది రోజులకు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఒంటిగంట కావస్తుండగా ఆఫీసులో ఫోను మోగింది. డిపో మేనేజరు. గొంతు గుర్తుపట్టలేనట్టుంది.

"మాస్టారూ, నేల కుంగిపోయింది. రేకుల షెడ్డు మొత్తం లోపలికి పోయింది."

"ఆడవాళ్ళు? వాళ్ళు భోజనాల వేళ కదా..."

అవతల గోలగోలగా ఏవో అరుపులు, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ చేస్తే ఫోను కలవలేదు. పిట్ట ఆ రోజు వేరే సైటులో ఉంది. ఆయన కారు తీశారు. డిపోకు నలభై నిమిషాల దారి.

ఆ నలభై నిమిషాలను ఆయన తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నారో లెక్కలేదు. ఫోను పెట్టగానే ఆయనకు మొట్టమొదట తట్టింది పదకొండు మంది ఆడవాళ్ళు కాదు. పద్నాలుగో పేజీ. షెడ్డు సరిగ్గా ఆరో గీత మీద పడుతుందా, కాస్త పక్కకు, ఏడో గీత మీదికి వస్తుందా? పక్కకైతే ఏం చెప్పొచ్చు? రెండో సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడి కారు ఆగినప్పుడు గానీ పెద్దక్క ముఖం కళ్ళ ముందుకు రాలేదు. వచ్చాక ఇక పోలేదు. "దేవుడా, ఒక్కరైనా, ఒక్కరైనా" అని గొణుక్కున్నారు.

డిపో గేటు దగ్గర జనం. కాంక్రీటు చివర, షెడ్డు ఉండాల్సిన చోట, బస్సును నిలువునా దించితే సగం మునిగేంత గొయ్యి. అంచుల్లోంచి ఎర్రమట్టి ఇంకా ముద్దలుముద్దలుగా రాలుతోంది. అడుగున బురదలో రేకులు, విరిగిన బల్ల, ఒక ప్లాస్టిక్ బకెట్టు.

"ఎంత మంది?" అన్నారు మాస్టారు, పక్కనున్న డ్రైవర్ని.

"ఒక్కరు కూడా లేరండీ. అందరూ పాత స్టోర్సు వరండాలో ఉన్నారు."

ఆయన అటు తిరిగేలోపే మేనేజరు పరుగున వచ్చి కావలించుకున్నాడు. "మాస్టారూ, మీకు ఎన్ని జన్మలకి రుణం తీర్చుకోను! మీరు ముందే చెప్పి పంపబట్టి పదకొండు ప్రాణాలు నిలిచాయి. నాకొక్క మాట కూడా చెప్పకుండా, ఎంత గుట్టుగా..."

ఏం చెప్పి పంపారో ఆయనకు అర్థం కాలేదు. ఇంతలో పెద్దక్క వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. సబ్బునీళ్ళకు నాని నాని పగుళ్ళు పడ్డ చేతులు.

"మీ కోడలు పిల్లతో కబురు పెట్టారు కదా బాబూ, వానలు తగ్గేదాకా షెడ్డులో కూర్చోవద్దని. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మేం విసుక్కున్నాం. చెప్పింది మాస్టారు కదా, ఊరికే చెప్పరులే అని కదిలాం. లేకపోతే ఈపాటికి..." ఆవిడ గొయ్యి వైపు చూసింది.

అప్పుడు చెప్పాలి. ఆ క్షణంలో నోరు తెరిచి, అమ్మా, నేను ఏ కబురూ పంపలేదు అనాలి. ఆయన నోరు తెరిచారు కూడా. "అందరూ క్షేమమే కదా, అది చాలు" అన్న మాట బయటికి వచ్చింది.

ఒక పేపరు విలేఖరి అడిగాడు: "ముందుగా హెచ్చరించింది మీరేనా సార్?"

"మా బృందం హెచ్చరించింది" అన్నారాయన. అబద్ధం కాదు. అబద్ధం కానందుకే ఆ మాట ఆయనను ఆ తర్వాత నిలవనివ్వలేదు.

సాయంత్రం పిట్టను ఇంటికి తీసుకెళ్ళడానికి దాని సైటుకు వెళ్ళారు. కారెక్కి సీటుబెల్టు పెట్టుకుంది.

"డిపోకి ఎప్పుడు వెళ్ళావు?" అన్నారు మాస్టారు, కారు కదిలాక.

"రిపోర్టు పంపిన మర్నాడు. ఆదివారం."

"నా పేరు ఎందుకు చెప్పావు?"

పిట్ట కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా అంది: "నా పేరు చెబితే లేచేవాళ్ళు కాదు మావయ్యా. ఆ రోజు మీరన్నదానికి వాళ్ళంతా నవ్వారు కదా. నేను వెళ్ళగానే, పెట్టెకి మంచినీళ్ళు పట్టావా అని అడిగారు. అందుకే మీరు చెప్పమన్నారని చెప్పాను."

ఆయనకు ఎదురుగా రోడ్డు సరిగా కనపడలేదు.

"మేనేజరుకి చెప్పాల్సింది."

"చెబితే మీకు ఫోన్ చేసేవాడు. మీరు కాదనేవాళ్ళు." మళ్ళీ తనే అంది: "కాంక్రీటు మీద డ్రైవర్లు బస్సులు పెడుతూనే ఉన్నారు. వాళ్ళకి ఏమీ చెప్పలేకపోయాను. రోజూ ఆఫీసుకొచ్చి ముందు పేపరు చూసేదాన్ని. నేను చేసింది కూడా సగం పనే."

తన తప్పును అది పంచుకోవడం ఆయనకు చెంప మీద కొట్టినదానికంటే ఎక్కువగా తగిలింది. సారీ అందామనుకున్నారు. ఆ మాట ఆ కారులో మరీ చిన్నదిగా అనిపించి ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున అక్క పేపర్లో ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. 'సర్వే మాస్టారి ముందుచూపు.' అప్పటికే ఎదురింటివాళ్ళకూ, పాలవాడికీ చెప్పేసింది. "దాన్ని నీ చేతుల్లో పెట్టినందుకు నేనిప్పుడు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చురా తమ్ముడూ" అంది, టిఫిను వడ్డిస్తూ. పిట్ట ప్లేటులోకి చూస్తూ తింటోంది. మాస్టారు ప్లేటు పక్కకు జరిపారు. కడుపు బాగోలేదని లేచిపోయారు.

ఆఫీసు చేరేసరికి మేనేజరు ఫోను. ఇప్పుడతని గొంతులో ఉత్సాహం.

"మాస్టారూ, ఆడవాళ్ళకి కొత్త షెడ్డు వేయిస్తున్నాను. మీ మ్యాపు ముందు పెట్టుకునే చూశాను. కాంక్రీటుకి ఉత్తరం చివర పచ్చగా ఉంది కదా, అక్కడే. ఇవాళే స్తంభాలు పాతుతున్నారు."

ఉత్తరం చివర కూడా ఆరో గీతే. అదీ కొలవని పచ్చే.

"ఆపండి. ఎవర్నీ అటు వెళ్ళనివ్వకండి. బస్సుల్ని కూడా కాంక్రీటు మీంచి తీయించండి. ఇప్పుడే వస్తున్నాం."

"అదేంటి, మీ మ్యాపుని మీరే అనుమానిస్తే ఎలా!" నవ్వాడు మేనేజరు. కానీ ఆపించాడు.

దారిలో ఆయన ఒక ఉపాయం ఆలోచించుకున్నారు. కుంగిన తర్వాత నేల మారుతుంది కాబట్టి మళ్ళీ ఒకసారి కొలవాలి, అదనపు సర్వే అంటే సరిపోతుంది. ఆరో గీత వేయొచ్చు, షెడ్డు ఆపొచ్చు, పాత సంగతి ఎత్తనే అక్కర్లేదు. పిట్టకు ఆ మాటే చెప్పారు.

పిట్ట ఆయన వైపు చూసింది. అందులో కోపం లేదు. "అలాగే చేయండి. ఎవరికీ ఏమీ కాదు" అంది.

ఆ చూపు తెలిసిన చూపే. ఇన్నేళ్ళూ తనకంటే తక్కువ తెలిసినవాళ్ళను ఆయన చూసిన చూపు అది.

డిపోలో ఆడవాళ్ళు వరండాలో వరసగా కూర్చుని ఉన్నారు. మేనేజరు మ్యాపు చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు. మాస్టారు అదనపు సర్వే అని మొదలుపెట్టబోతుంటే పెద్దక్క లేచి పిట్ట భుజం మీద చెయ్యి వేసింది.

"నీ పెట్టె తప్పని మీ మావయ్య నలుగురిలో అన్నాడు కదే. ఇంకొకతె అయితే ముఖం మాడ్చుకుని కూర్చునేది. నువ్వు ఆ మాట మనసులో పెట్టుకోకుండా ఆయన కబురు మోసుకొచ్చావు చూడు, అదీ పెద్దల దగ్గర పెరగడం అంటే. ఆయన పుణ్యం, నీ కాళ్ళ కష్టం."

పిట్ట చిన్నగా తల ఊపింది. కాదనలేదు.

మాస్టారికి ఇక తట్టుకోవడం చేతకాలేదు.

"అమ్మా, ఆ కబురు నేను పంపలేదు."

పెద్దక్కకు అర్థం కాలేదు. "ఏంటి బాబూ?"

"నేనేమీ చెప్పి పంపలేదు. తనే వచ్చింది. నా పేరు చెబితే తప్ప మీరు లేవరని నా పేరు చెప్పింది. తన మాట మీరు వినకుండా చేసింది నేనే. తన రీడింగే నిజం. నేను దాన్ని రిపోర్టులో వెనక్కి నెట్టేశాను." మేనేజరు వైపు తిరిగారు. "మీ చేతిలో ఉన్న మ్యాపులో ఆరో గీత పచ్చ అంతా నేను కొలిచింది కాదు. అటు చూసి, ఇటు చూసి, మధ్యలో రంగు నింపాను."

"రంగు నింపారా?" మేనేజరు మ్యాపు వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు చూశాడు. "నిన్నటి నుంచీ నేను మీ కాళ్ళు మొక్కడం ఒక్కటే తక్కువ! ఈ పచ్చ చూసి ఇందాకటి దాకా స్తంభాలు పాతించాను! పేపర్లో కూడా వేయించుకున్నారే! బెజ్జాలు వద్దన్నాను, నిజమే. వద్దంటే ఊరుకుంటారా? ఏముందో నాకేం తెలుసు, తెలియాల్సింది మీకు కదా?"

"నాకే" అన్నారు మాస్టారు.

వెంట వచ్చిన కేబుళ్ళు మోసేవాళ్ళు చేతిలో పనులు ఆపి వింటున్నారు. పెద్దక్క తిడుతుందేమోనని ఆయన ఎదురుచూశారు. తిడితే కాస్త తేలికపడేవారేమో. ఆవిడ ఆయన వంక చూడనైనా చూడలేదు. పిట్టతో అంది: "ఆ రోజు మేం కూడా నవ్వాం తల్లీ." అని దాన్ని వరండాలోకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. మాస్టారు ఎండలో ఒక్కరే నిలబడిపోయారు.

ఆరో గీత మర్నాడు వేశారు. బెజ్జాలు మాస్టారే వేశారు. కూలీలు మిషను తీసుకోబోతే ఇవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, నలభై ఎనిమిది బెజ్జాలూ వేసి, ఒక్కొక్కదాన్లో తడిమట్టి కూరి మేకు గుచ్చారు. ఎవరూ మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు. పిట్ట ముందు రాడార్ నడిపింది, తర్వాత కరెంటు, ఆఖరున తన పెట్టె. మూడింటి బొమ్మలూ ఒకదాని కింద ఒకటి తెరమీద పెట్టుకుని చూసింది. ఉత్తరం చివర, స్తంభం కోసం తవ్విన గుంటకు నాలుగడుగుల దూరంలో, కరెంటు ఒకచోట వంకర తిరిగింది. సరిగ్గా అక్కడే బరువు పడిపోయింది. డ్రిల్లింగు వాళ్ళను పిలిపించి అక్కడే రాడ్డు దింపించారు. నాలుగున్నర మీటర్ల దాకా గట్టిగా దిగిన రాడ్డు ఒక్కసారిగా చేతుల్లోంచి ఊడినట్టు జర్రున కిందికి జారింది. రెండు మీటర్ల డొల్ల. డ్రిల్లరు ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పేశారు. వంటింటి గడప దగ్గర నిలబడి, నలుగురినీ నవ్వించిన మాట దగ్గర నుంచి రాడ్డు జారిన దాకా ఏదీ దాచలేదు. అక్క స్టవ్వు కట్టేసి విన్నది. విన్నాక ఫ్రిజ్ మీద కాగితం చింపి చెత్తబుట్టలో వేసింది.

"పని నేర్పమని నీ దగ్గర పెట్టాను. నలుగురిలో నవ్వమని కాదు" అంది.

ఆ తర్వాత రోజూ వేళకు కంచం పెట్టేది, అడిగినవన్నీ వడ్డించేది. తమ్ముడూ అన్న పిలుపు మాత్రం దాదాపు నెల్లాళ్ళు ఆవిడ నోట రాలేదు. ఆయన తిని, కంచం తనే కడుక్కుని మేడమీదికి వెళ్ళిపోయేవారు.

ఆఫీసులో డైరెక్టరు ఏడాదిపాటు రిపోర్టుల మీద ఆయన సంతకం ఆపాడు. ఆ రిపోర్టుల మీద ఇక పిట్ట సంతకం చేస్తుంది. అది ఆయనకు బాధ అనిపించలేదు. బాధ వేరే చోట వచ్చింది. సవరించిన రిపోర్టులో ఆయన స్వయంగా రాసిన వాక్యం ఒకటి ఉంది: 'ఆరో గీతను మొదటి సర్వేలో నేను కొలవలేదు. కొలిచినట్టు రంగు వేశాను.' డైరెక్టరు దాన్ని కొట్టేసి, 'సమాచార పరిమితుల వల్ల ఆరో గీత పూర్తిగా అంచనా వేయబడలేదు' అని మార్చాడు.

"రిపోర్టుల్లో 'నేను' అని రాయరు మాస్టారూ, మీకు తెలియనిదేముంది" అన్నాడు అనునయంగా.

"ఇన్నాళ్ళూ రాయలేదు కాబట్టే ఇంతవరకూ వచ్చింది" అన్నారాయన. అరగంట వాదించారు. డైరెక్టరు ఒప్పుకోలేదు. అచ్చయిన ప్రతులన్నింటిలోనూ సమాచార పరిమితులే వచ్చాయి.

డిపోకు ఇవ్వాల్సిన ప్రతిని తీసుకుని పిట్టా, ఆయనా వెళ్ళారు. మేనేజరు గది బయట బెంచీ మీద కూర్చుని మాస్టారు ఆ పేజీ తీశారు. అచ్చు వాక్యం మీద ఒక గీత కొట్టి, పక్క ఖాళీలో తన వాక్యం పెన్నుతో రాశారు. పిట్ట పక్కన కూర్చుని చూస్తోంది, ఆపలేదు.

మేనేజరు ఆ పేజీ చదివాడు. ఫైల్లో పెట్టి, తాడు బిగించి కట్టాడు. కూర్చోమనలేదు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. కొత్త షెడ్డు ఈసారి కాంక్రీటుకు దూరంగా, మూడు పరికరాలూ సరేనన్న చోట వేశారు. ఆడవాళ్ళు పిట్టను చూసి చేతులు ఊపి రమ్మని పిలిచారు. "ఒక్క ఐదు నిమిషాలు మావయ్యా" అని అది అటు వెళ్ళింది. ఆయననూ రమ్మంటారేమోనని ఒక్క క్షణం నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. వెళ్ళి కారులో కూర్చున్నారు.

ఐదు నిమిషాలు అరగంట అయింది. షెడ్డులోంచి నవ్వులు వినపడుతున్నాయి. దేనికి నవ్వుతున్నారో ఆయనకు తెలియలేదు. తన గురించేనేమో అనిపించింది. అయి ఉండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు. అద్దం పైకెత్తుకుందామని చెయ్యి బటన్ దాకా పోయింది. ఎత్తకుండా అలాగే వింటూ కూర్చున్నారు.

పిట్ట వచ్చి సీటుబెల్టు పెట్టుకుంది. కారు గేటు దాటాక అంది: "రేపటి సైటు ఊరికి అవతలుంది. పొద్దున్నే వెళ్ళాలి."

"ఎన్నింటికి?"

"ఏడింటికి."

"ఏడింటికి కింద ఉంటాను" అన్నారు మాస్టారు.